ఆ అభ్యంతరం మీద నేను సంతకం పెట్టలేదు

రాజమండ్రిలో మేం అద్దెకున్న ఇంటి వెనక వసారాలో కుక్కపిల్లల్ని పెంచి అమ్మేదాన్నని చెబితే, ఇప్పటికీ కొందరు నా వంక అదోలా చూస్తారు. చూడనివ్వండి. తొంభైల్లో తెల్లటి పొమేరియన్ పిల్ల కావాలని అడగని వీధి ఉండేది కాదు. పక్కింటి టీచరుగారు బదిలీ మీద వెళ్తూ తన ఆడకుక్కని మాకప్పగించారు. అది మా ఇంట్లోనే ఈనింది. మా అత్తగారు ముందు ముక్కు మూసుకుని తిరిగారు. ముసురు పట్టిన ఓ పొద్దున వణుకుతున్న పిల్లని పాత చీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నదీ ఆవిడే. అలా మొదలైంది.

నాకొక పట్టుదల ఉండేది. రెండు నెలలు నిండందే ఏ పిల్లా మా గుమ్మం దాటకూడదు. పళ్ళు మొలిచాక పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. గట్టిగా కొరికితే అవతలిది కెవ్వుమంటుంది, తల్లి గుర్రుమంటుంది. ఎంతవరకు కొరకచ్చో వాటికి అక్కడే తెలుస్తుంది. ఇది నాకెవరూ నేర్పలేదు, పొయ్యి దగ్గర కూర్చుని చూస్తూ ఉంటే తెలిసింది.

బజారులో పెంపుడు జంతువుల దుకాణం ఒకటుండేది. దాని యజమాని వచ్చినప్పుడల్లా నాతో తగువు పడేవాడు.

"నెల్లాళ్ళ పిల్లనివ్వండి మేడమ్‌గారూ. అప్పుడైతే దూదిపింజలా ఉంటుంది, చిన్నపిల్లలు చూడగానే మారాం చేసి కొనిపిస్తారు. రెండు నెలలైతే సాగిపోతుందండి."

"సాగిపోనీండి. పాలు మానకుండా ఇవ్వను," అనేదాన్ని.

నవ్వుతూ వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చేవాడు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి పేపర్లో ఓ వార్త వచ్చింది. జంతువుల్ని పెంచి అమ్మేవాళ్ళకి కొత్త నిబంధనలు తెస్తారట. పాలు తాగే పిల్లల్ని అమ్మకూడదు. ఆడకుక్కని ఎదకొచ్చిన ప్రతిసారీ మగదానితో కట్టించకూడదు. బోను ఇంత ఉండాలి, పెంచేవాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. ఆ సాయంత్రమే దుకాణదారు మా ఇంటికొచ్చాడు.

"ఇది గానీ వచ్చిందంటే మనందరం రోడ్డున పడతామండి. ఆదివారం మీటింగు పెట్టాం. ఇంట్లో పెంచే ఆడవాళ్ళు కూడా వద్దంటున్నారని చూపిస్తే ఆఫీసర్లు వింటారు. మీరొచ్చి సంతకం పెట్టాలి."

మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని, "అందరూ పెడుతుంటే పెట్టెయ్యరాదూ, మనకెందుకే గొడవ," అన్నారు.

"ముందు అందులో ఏముందో పూర్తిగా చూడనివ్వండి," అన్నాను.

మర్నాడు ఆ నిబంధనల కాపీ అడుగుదామని దుకాణానికి వెళ్ళాను. ముందు గదిలో చేపల తొట్లు, లవ్‌బర్డ్స్ పంజరాలు, గాజు పెట్టెలో కుక్కపిల్లలు. యజమాని కాపీ కోసం వెతుకుతుంటే వెనక గదిలోంచి మూలుగు వినిపించింది. మొరుగు కాదు, మూలుగు. కర్టెన్ తీసి లోపలికి వెళ్ళాను.

ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప బోనులు. నేల బదులు తీగల జాలీ. కింది బోనులో ఓ పొమేరియన్ పడుకుని ఉంది. బొచ్చు ఊడి చర్మం కనబడుతోంది, చన్నులు జాలీకి ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. ఎడమ కంటి మీద గోధుమరంగు మచ్చ. ఆ మచ్చ ఉన్న పిల్ల మా వసారాలో పుట్టింది. నిడదవోలు నుంచి వచ్చిన ఒక ఉద్యోగస్తుల కుటుంబానికి ఇచ్చాను. వాళ్ళమ్మాయి దాన్ని ఓణీలో దాచుకుని రైలెక్కింది.

వంగి చెయ్యి చాపాను. అది వాసన చూసింది. లేవబోయింది. జాలీ కన్నాల్లో గోళ్ళు ఇరుక్కుని లేవలేకపోయింది.

"అదాండీ? వాళ్ళకి బదిలీ అయి నాకిచ్చేసి పోయారు," వెనకనించి యజమాని అన్నాడు. "బాగా ఈనే కుక్కండి. ఏడాదికి రెండుసార్లు తప్పేది కాదు. ఈమధ్యే చూలు నిలవడం లేదు."

"తలుపు తియ్యండి."

"మేడమ్‌గారూ..."

"తియ్యండి. ఇది నాతో వస్తుంది."

ముందు గదిలో కొనడానికొచ్చినవాళ్ళు తొంగిచూస్తున్నారు. ఆయన వాళ్ళ వంక చూసి గొంతు తగ్గించాడు. "తీసుకెళ్ళండి. ఎలాగూ ఇంక ఈనదు. రేపు మీటింగుకి మాత్రం రండి."

"వస్తాను," అన్నాను.

కాపీ తీసుకుని, దాన్ని చీరకొంగులో చుట్టుకుని రిక్షా ఎక్కాను. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు పుండ్లు కడిగి మందు రాశారు. ఇంటికి చేరాక దాన్ని నేల మీద దింపితే చదునైన గచ్చు మీద నడవడం రాక కాళ్ళు ఎత్తెత్తి వేసింది. మా ఆయన అది చూశారు. సంతకం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు దాన్ని తీసుకునే మీటింగుకి వెళ్ళాను. చిన్న హాలు. ఆల్సేషన్లు పెంచేవాళ్ళు, పక్షులమ్మేవాళ్ళు, రావులపాలెం వైపు నుంచి వచ్చిన ఇద్దరు దుకాణదార్లు. ఆడదాన్ని నేనొక్కదాన్నే. ముందే రాసిపెట్టిన అభ్యంతరం చదివారు: ఏ నిబంధనా వద్దు, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. చదవడం అయ్యాక దుకాణదారు నాకు పెన్ను అందించాడు.

నేను లేచి కుక్కని బల్ల మీద, ఆ కాగితం పక్కన పడుకోబెట్టాను.

"దీన్ని చూసి సంతకాలు పెట్టండి," అన్నాను. "ప్రతి ఎదకీ కట్టించకూడదన్న రూలు మీకొద్దు కదా. ఆ రూలు లేకపోతే ఇలా అవుతుంది."

హాలు గోలెత్తిపోయింది. ఒకాయన లేచి అరిచాడు. "మీరూ అమ్మేవారే కదండీ! మమ్మల్ననే హక్కు మీకెక్కడిది?"

"అమ్మేదాన్ని కాబట్టే అంటున్నాను. నా ఇంటికి ఎవరు ఎప్పుడొచ్చినా తల్లిని చూపిస్తాను. మీరు చూపిస్తారా?"

వెనక వరసలోంచి లవ్‌బర్డ్స్ అమ్మే పెద్దాయన మెల్లిగా లేచాడు.

"అమ్మగారూ, మీరు చెప్పింది నిజమేనండి. కాకపోతే విడిగా సిమెంటు షెడ్డుండాలి, ఇళ్ళల్లో పెంచకూడదంటున్నారు. ఒంటిగదిలో ఉంటన్నాను, నేనెక్కడ కట్టేదండి? మీరు మాత్రం ఎక్కడ కడతారు?"

ఆయన అడిగింది న్యాయం. ఆ మాట కాపీలో నేనూ చదివాను. రాత్రంతా అదే నలిగింది నాలో. వంటింటి పక్కన మనుషుల మధ్య పెరిగిన పిల్లలు దొంగతనంగా పెంచినవవుతాయి, ఊరవతల షెడ్డులో బోనుల్లో పుట్టినవి చట్టప్రకారం పుట్టినవవుతాయి.

"ఆ ఒక్క షరతూ వద్దని రాయండి, మొదటి సంతకం నాది," అన్నాను. "మిగతావాటి మీద పెట్టను."

కాగితం మార్చడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. పెన్ను బల్ల మీద పెట్టి, కుక్కనెత్తుకుని బయటికి వచ్చేశాను. పెద్దాయన కూడా సంతకం పెట్టకుండా నా వెనకే వచ్చాడు.

మేమిద్దరం పశుసంవర్ధక శాఖ ఆఫీసుకి వెళ్ళి మా మాటగా రాసిచ్చాం. అక్కడి అధికారి చదివి కళ్ళజోడు తీశాడు.

"మీమీద రూలు పెట్టమని మీరే అడుగుతున్నారేంటండీ?"

"సగమే అడుగుతున్నామండి. మిగతా సగానికి అడ్డం పడుతున్నాం. షెడ్డు కొలతలు రాసినవారు ఒకసారి మా ఇంటికొచ్చి చూడమనండి."

ఆయన రాలేదు. ఆ నిబంధనలు ముసాయిదాగానే ఉండిపోయాయి. ఈలోగా మా కుక్కపిల్లలకి జబ్బులున్నాయని బజారులో పుకారు పుట్టింది. ఎవరు పుట్టించారో నేను అడగలేదు. ఆ ఏడు పుట్టిన పిల్లల్ని అడిగినవాళ్ళే లేరు. పెరిగి పెద్దవై వసారా అంతా పరిగెత్తాయి. మా అత్తగారు వాటికి అన్నం కలుపుతూ, "ఉండనీవే, ఎవరికీ భయపడకు," అన్నారు. తర్వాత పెద్దాపురం నుంచి ఒక కుటుంబం వచ్చింది, వాళ్ళు చెబితే ఇంకొకరు వచ్చారు. ప్రతివాళ్ళనీ వసారాలోకి తీసుకెళ్ళి తల్లి ముందు కూర్చోబెట్టేదాన్ని.

మచ్చ కంటి కుక్కకి ఆపరేషన్ చేయించాం. అది మళ్ళీ ఈనలేదు. ఎండ పడే చోట వెల్లకిలా పడుకోవడం నేర్చుకుంది. తలుపు మూస్తే మాత్రం ఏడ్చేది. అందుకని అది బతికున్నన్నాళ్ళూ పగలు మా ఇంటి తలుపులు మూయలేదు.

కొన్నేళ్ళకి మళ్ళీ కొత్త ముసాయిదా వస్తోందన్నారు. పెద్దాయనకి కబురు పెట్టి, చెప్పులేసుకుని ఆఫీసుకి బయల్దేరాను.