ఒంటె నడక గుర్రం

తోకమామయ్యకు ఆ పేరు పెట్టింది నాటకశాలకు వచ్చే పిల్లలు. ఇద్దరు మనుషులు లోపల దూరి నడిపించే ఒంటె వేషంలో ఆయనది వెనక భాగం. నడుము వంచి, ముందున్న బావ నడుముపట్టీని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిలోని తాడు లాగుతూ తోక ఊపేవాడు. ఆ భంగిమలో ఆయనకు కనిపించేది జానెడు వెడల్పు నేల, దాని మీద బావ మడమలు. మడమ నేలను తాకే తీరును బట్టి బావ ఆ పూట ఏ ధోరణిలో ఉన్నాడో చెప్పగలిగేవాడు. ఆట ముగిశాక బావ ఒంటె తల తీసి చప్పట్లు అందుకునేవాడు. మూపురం కింది మనిషి బయటపడేసరికి తెర పడిపోయేది. అందుకు ఆయనకు చింత లేదు. "తల బావది, తోక నాది, మధ్యలో గుడ్డంతా అక్కది" అని నవ్వేవాడు. గుడ్డ కుట్టింది ఆయన అక్కే, అంటే బావ భార్య.

నాటకశాలను మరమ్మతుల కోసం మూసిన ఏడాదే ఎన్నికలు వచ్చాయి. అక్కడ పోటీ రెండు పార్టీల మధ్య: ఒకదాని గుర్తు గుర్రం, రెండోదాని గుర్తు ఒంటె. గుర్రం పార్టీ ప్రచార కార్యదర్శి వచ్చి ఊరేగింపులకు నడిచే గుర్రం కావాలన్నాడు. అక్క ఒంటె మూపురం విప్పేసి, మెడ కురచ చేసి, జూలు కుట్టింది. నిలబడి ఉన్నంతసేపూ అది అచ్చం గుర్రమే.

మొదటి ఊరేగింపు సగం వీధి దాటకముందే, ఆసుపత్రి మెట్ల మీద నిలబడి చూస్తున్న పశువైద్యుడు పొట్ట పట్టుకుని నవ్వసాగాడు. ఉరుకు నడకలో గుర్రానికి ఎడమ ముందుకాలితో పాటు కుడి వెనకకాలు లేస్తుంది. ఒంటె ఒక పక్క రెండు కాళ్ళనూ దాదాపు ఒకేసారి వేస్తుంది. అందుకే పడవలా ఊగుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఒంటెగా బతికిన ఆ నాలుగు కాళ్ళకు వేషం మారిన సంగతి ఎవరూ చెప్పలేదు.

"గుర్రమేమిటయ్యా, అది ఒంటె!" అన్న వైద్యుడి మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఒంటె పార్టీవాళ్ళు మైకు పట్టుకుని, "చూశారా, వాళ్ళ గుర్రం కూడా మన బాటలోనే నడుస్తోంది!" అన్నారు.

మర్నాడు కార్యదర్శి ఇంటికి వచ్చాడు. అక్క కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆదిలోనే హంసపాదు పడింది కదండీ! ముందుకాళ్ళకేం, బాగానే ఉన్నాయి. తప్పంతా వెనకాయనది. మా వ్యాయామశాలలో ఒక గట్టి మనిషి ఉన్నాడు, ఎల్లుండి ఊరేగింపుకు అతన్ని పెట్టుకోండి."

తోకమామయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బావ వంక చూశాడు. ఎప్పుడూ నోటికి మూతపెట్టని బావ ఆ పూట "ఆలోచిద్దాం లెండి" అని ఊరుకున్నాడు.

నిజానికి ఆ నడక వెనకకాళ్ళలోనూ లేదు, ముందుకాళ్ళలోనూ లేదు. రెండింటికీ మధ్య కుదిరిన పొత్తులో ఉంది. అది తెలిసినా తోకమామయ్య వాదించలేదు. కార్యదర్శి వెళ్ళాక, పట్టీ పట్టుకునే ఎడమచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబులో దూర్చుకుని నెమ్మదిగా అన్నాడు.

"అతన్నే పెట్టుకో బావా. నా మూలంగా నీ పని పోవడమెందుకు?"

"పెట్టుకుంటానని ఎవడన్నాడురా? ఆలోచిస్తానన్నాను. ఆలోచించాను."

"ఏమని?"

"ఏ కాలు ముందు వెయ్యాలా అని. ఇన్నాళ్ళూ ఇద్దరం కుడికాలే ముందు వేశాం. నువ్వు నీ కుడి వెయ్యి, నేను ఎడమ వేస్తాను. గుర్రం అదే తయారవుతుంది."

అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. "పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క అలవాటు మార్చుకోమంటే వినలేదు మహానుభావుడు! బావమరిది కోసం ఏకంగా కాలే మార్చేస్తున్నారే!"

సాధన మొదలైంది. నాలుగో అడుగుకే తోకమామయ్య బొటనవేలు బావ మడమకు తగిలింది.

"మడమ ఊడగొడతావట్రా!"

కాళ్ళు ఎదురెదురుగా పడాలంటే ఇద్దరి మధ్య ఇంకాస్త ఎడం కావాలి. అక్క టేపుతో కొలిచి గుర్రం పొట్ట దగ్గర జానెడు గుడ్డ అతికింది.

"ఇది గుర్రమా, రైలుపెట్టా?" అన్నాడు బావ.

"దూరండి ముందు, తర్వాత టిక్కెట్టు ఇస్తాను" అంది అక్క.

అసలు చిక్కు మడమల దగ్గర వచ్చింది. వాటిని చూస్తే చాలు, తోకమామయ్య కాలు తనంతట తానే వాటి వెంట పోయేది. చివరికి కళ్ళు మూసుకున్నాడు. మూసుకుని, తోక ఊపే లయకు అడుగు వేస్తే నడక కుదిరింది.

ఊరేగింపు రోజున కార్యదర్శి వ్యాయామశాల మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. బావ గుర్రం తల చంకలో పెట్టుకుని అన్నాడు.

"ఈ గుర్రానికి నాలుగు కాళ్ళూ ఒకే ఇంటివండీ. తీసుకుంటే నాలుగూ తీసుకోండి, వద్దంటే నాలుగూ వదిలెయ్యండి."

బాజాలు అప్పటికే మోగుతున్నాయి. కార్యదర్శి దారి ఇచ్చాడు. పట్టీ మీద తోకమామయ్య పట్టు బిగిసింది.

గుర్రం కదిలింది. ఆసుపత్రి మెట్ల ముందుకు వచ్చేసరికి పైనుంచి చప్పట్లు వినిపించాయి. "ఇదీ గుర్రమంటే!" అన్నాడు పశువైద్యుడు. కార్యదర్శి ముఖం చేటంత అయింది.

అంతలో ఎదురు వీధిలోంచి ఒంటె పార్టీ ఊరేగింపు వచ్చింది. దాని ముందు కొత్తగా కుట్టించిన ఒంటె. బావ అడుగు తడబడింది. తోకమామయ్య కళ్ళు తెరిచాడు.

"ఒరేయ్, చూశావట్రా?"

"నాకేం కనబడుతుంది బావా, నీ మడమలు తప్ప!"

"ఒంటెను చంపేస్తున్నార్రా! కాళ్ళు ఎదురెదురుగా వేస్తున్నారు. అచ్చం గుర్రం నడక!"

గుర్రం తోక ఊగడం ఆగింది.

"చూసి ఊరుకుందామా?" అన్నాడు తోకమామయ్య.

"ఎలా ఊరుకుంటాంరా!"

బావ కాలు మార్చాడు. గుర్రం వెళ్ళి ఒంటె పక్కన చేరి, పడవలా ఊగుతూ నడవసాగింది. రెండు పార్టీల జనమూ విరగబడి నవ్వుతుంటే మైకులు రెండూ మూగబోయాయి. కార్యదర్శి తల పట్టుకున్నాడు గాని, ఆ చేతుల మధ్య ఆయనా నవ్వుతూనే ఉన్నాడు.

ఒంటె వెనక భాగంలోంచి బెదురు గొంతు వినిపించింది. "ఎవరండీ పక్కన?"

"వెనకకాళ్ళం," అన్నాడు తోకమామయ్య. "నీ ముందాయన మడమలు చూస్తుండు నాయనా. ఆయన ఏ పక్క కాలు లేపితే నువ్వూ ఆ పక్కదే లేపు."

కొన్ని అడుగులు తడబడ్డాయి. తర్వాత రెండు జతల కాళ్ళ చప్పుడూ ఒకటైంది.

"కుదిరిందండీ!"

"తోక మర్చిపోకు" అన్నాడు తోకమామయ్య, తనది ఊపుతూ.