మావయ్యగారు ఎంచిన కాగితం కొలత

మొన్న ఆదివారం సింగపూరు బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్‌లో మనవరాలు సోఫాలో పడుకుని ఫోన్‌లో ఏదో నొక్కితే, మూలనున్న ప్రింటరు దానంతటదే మేలుకుని బడి కాగితాలు చకచకా బయటికి తోసేసింది. "సో ఈజీ లా, అమ్మమ్మా" అంది ఇక్కడి ఇంగ్లీషు యాసలో, నవ్వుతూ. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ప్రింటరు చేత పని చేయించడమంటే మాటలు కాదు. దానితోపాటు నాకు మా చినమామగారి మొహం కూడా గుర్తుకొచ్చింది.

ఆయన మా వారికి వరసకు బాబాయి, చమురు కర్మాగారాలుండే జురాంగ్ ఐలాండ్‌లో పైపులు మరమ్మతు చేసే ఒక చిన్న కంపెనీకి మేనేజరు. అక్కడ నాకు ఉద్యోగం వేయించింది ఆయనే, ఆ సంగతి మరిచిపోతానేమోనని రోజూ పదిమందిలో గుర్తుచేసిందీ ఆయనే. మావయ్యగారూ అని పిలవవలసిన మనిషికి ఎదురు చెప్పే అలవాటు మా ఇళ్ళలో లేదు.

ఆఫీసులోని నాలుగు కంప్యూటర్లలోనూ విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్ పెట్టే పనిని మా యజమాని నాకు అప్పగించారు. చివరగా ప్రింటరు కలుపుతుంటే మావయ్యగారు వచ్చి, నన్ను లేపి నా కుర్చీలో కూర్చుని, అంతా తెలిసినట్టు ఏవో నొక్కి, మిగతావాటిలోనూ ఇలాగే పెట్టమన్నారు. పెట్టాను. మర్నాడు ఒక్క కాగితమూ రాలేదు. ఆ దీవిలో అనుమతి కాగితం అచ్చై, సంతకమై, పనిచోట వేలాడితే తప్ప ఎవరూ రెంచీ ముట్టుకోకూడదు. క్రాంజీ హాస్టళ్ళ నుంచి లారీలో వచ్చిన పనివాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళందరి ముందూ ఆయన "అమ్మాయ్, నువ్వెళ్ళి పప్పుచారు పెట్టుకో, ఇవి నీవల్ల అయ్యే పనులు కావు" అన్నారు. అంతటితో ఊరుకోక, నెల తిరిగితే రెన్యూ కావలసిన నా వర్క్ పాస్ ఇక అక్కర్లేదని యజమానికి రాశారు. మా వారికి అప్పుడు ఉద్యోగం లేదు, నా పాస్ పోతే పిల్లలతో సహా మూటలు కట్టుకుని విమానం ఎక్కాల్సిందే.

పక్క కంపెనీని బతిమాలి అచ్చు వేయించుకుంటూ రోజులు నెట్టాం. మూడో వారానికి రోగం దొరికింది. ప్రింటర్లో ఉన్నది మనమంతా వాడే ఏఫోర్ కాగితం, మావయ్యగారు ఎంచింది అమెరికావాళ్ళ కొలత. ఆ కాగితం ఎప్పుడు పెడతారా అని పాపం ప్రింటరు ఎర్రదీపం వెలిగించుకుని ఎదురుచూస్తోంది. మూడు కంప్యూటర్లలో కొలత మార్చాను. ఆయనదాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు.

యజమాని చూడవచ్చిన రోజున మూడూ చక్కగా అచ్చు వేశాయి, మావయ్యగారిది ఆగిపోయింది. "ఓన్లీ యువర్స్ కాన్నాట్, ఆ?" నీదొక్కటే అచ్చు వేయదా అన్నారు మా యజమాని, ఆ చైనా పెద్దాయన. తప్పు నాది కాదని తేలి నా పాస్ రెన్యూ అయింది. అప్పటినుంచి మావయ్యగారు రోజూ పొద్దున్నే అచ్చు వేయించుకోవడానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని నా బల్ల పక్కన నిలబడేవారు, నేను టీ చివరి గుక్కదాకా నింపాదిగా తాగి, ఎంతో మర్యాదగా రెండు చేతులా అందుకునేదాన్ని. ఆ టీ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

పోయినేడు ఒక గృహప్రవేశంలో ఆయన చేతికర్రతో వచ్చి నా పక్కన కూర్చుని, అప్పట్లో తన కంప్యూటరుకు ఏం జబ్బు చేసిందని మెల్లగా అడిగారు. నాకూ అంతుపట్టలేదు మావయ్యగారూ అన్నాను.

ఇప్పటి యంత్రాలు ఏ కాగితమైనా సర్దుకుపోతాయి, తెలియనివాళ్ళు తెలిసినవాళ్ళ బల్లదాకా నడిచి రావలసిన రోజులు పోయాయి. మనవరాలికి అది మంచిదే. కానీ రేపు ఎవరైనా పదిమందిలో దాన్ని పప్పుచారు పెట్టుకోమంటే, ఆ మనిషిని అది ఎక్కడ నిలబెడుతుందో నాకు తెలియడం లేదు.