షంషున్నీసా తెచ్చిన ఆది సైకిల్

షంషున్నీసా ఏలూరు పవరుపేటలో జాకెట్లు కుడుతుంది. కుట్టు చక్కగా ఉంటుంది, నోరు కత్తెర కన్నా పదునుగా ఉంటుంది. ఎవరైనా ఒంటికి సరిపడని పాత జాకెట్టు కొలత కోసం ఆదికి తెస్తే, "ఇది మీదా, మీ అత్తగారిదా?" అని మొహం మీదే అడిగేస్తుంది. అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున్నే, గొట్టం విరిగిన సైకిల్ తోసుకుంటూ తాతాజీ గారి సైకిళ్ళ షాపుకి వచ్చింది. వెంట చెల్లెలి కూతురు నజ్నీన్ ఉంది.

ఆ సైకిల్ ఆమె భర్త సిరాజుద్దీన్‌ది. ఆయన తాటిచెట్టంత పొడుగు. మోపెడ్ కొనుక్కుని దీన్ని గోడకి చేరేస్తే ఆమె తీసుకుంది. తంగెళ్ళమూడిలో ఇంటి నుంచి కుట్టు షాపుకి ఏళ్ళ తరబడి దాని మీదే తిరిగింది.

ఇప్పుడు కొత్తది కొనక తప్పదు. రెండు కొనే స్తోమత లేదు. రోజూ బట్టల మూట మోయడానికీ, నజ్నీన్ వాళ్ళ ఆడవాళ్ళ సైకిల్ జట్టుతో కొల్లేరు చుట్టి రావడానికీ ఒక్కటే పనికిరావాలి. పోయిన శీతాకాలం అలాగే బయల్దేరి, గుడివాకలంక చేరేసరికి నడుం పట్టేసి, సైకిల్‌తో సహా ఆటోలో ఇంటికొచ్చింది. ఏలూరులో పుట్టి ఇంత వయసొచ్చినా కొల్లేటి ఒడ్డున ఆటపాకకి వచ్చే పక్షుల్ని చూడనే లేదు. ఈసారి కూడా కాకపోతే ఇక ఆ మాటే ఎత్తకూడదనుకుంది. పైకి మాత్రం, "పక్షులేగా, ఎక్కడికి పోతాయి" అంటూ వచ్చింది.

నజ్నీన్ ఆమెని వంపు హేండిలూ సన్న టైర్లూ ఉన్న గేర్ల సైకిల్ దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఇది చూడు ఖాలా, గాల్లో పోతుంది."

"గాల్లో పోతే పోయింది, గతుకుల్లో పోతుందా? మూటెక్కడ పెట్టను, నీ నెత్తి మీదా?"

పక్కనే లావు టైర్లది ఉంది. "దీనికి ట్రాక్టరు చక్రాలు తగిలించారేంటండీ తాతాజీ గారూ? షాపుకెళ్ళేసరికే నా పని అయిపోతుంది."

"మరెలాంటిది కావాలో మీరే చెప్పండమ్మా."

"ఇదిగోనండీ ఆది. అచ్చం ఈ కొలతకే ఇవ్వండి. క్యారియరు గట్టిగా ఉండాలి, చైనుకి కవరుండాలి."

తాతాజీ పాత సైకిల్‌నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. అంత పొడుగుదే ఒకటి బయటికి తీశాడు. ఆమె వీధి మలుపు దాకా తొక్కి వచ్చింది.

"ఎలా ఉందండీ?"

"అచ్చం దాన్లాగే ఉందండీ! నడుం అప్పుడే లాగేస్తోంది."

"కోప్పడనంటే ఒక మాటండీ. మొన్న మా ఆవిడ తెచ్చిన ఆది జాకెట్టు చూసి మీరేమన్నారు?"

షంషున్నీసా గబుక్కున పాత సైకిల్ వైపు చూసింది. నజ్నీన్ పడీ పడీ నవ్వింది. "ఈ ఆది నీది కాదు ఖాలా, సిరాజుద్దీన్ ఖాలూది!"

"నవ్వింది చాల్లే, పళ్ళు రాల్తాయి." తిట్టిందే గాని, ఇన్నాళ్ళూ నడుంనొప్పికి వయసునీ మిషన్నీ తిట్టుకుంటూ వచ్చానే అనుకుని ఆమెకే నవ్వొచ్చింది.

తాతాజీ మధ్య గొట్టం లేనిది, ఓ మోస్తరు టైర్లున్నది తెచ్చాడు.

"ఇది స్కూలు పిల్లలది కదండీ!"

"ఎక్కాక చెప్పండమ్మా."

ఆమెని కూర్చోబెట్టి, పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కాస్త మాత్రమే వంగేలా సీటు సర్దాడు. హేండిల్ పైకి లేపాడు. "గేర్లు లేవని బెంగొద్దండీ. మన దారంతా ఎత్తుల్లేకుండా చాప పరిచినట్టుంటుంది. ఎదురుగాలిలోనూ తేలిగ్గా తొక్కేలా వెనక పళ్ళచక్రం కాస్త పెద్దది వేసిస్తాను."

మలుపు దాకా అని వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. తెప్పించిన టీ చల్లారిపోయింది. నజ్నీన్ కంగారుగా రోడ్డు మీదికి వచ్చి చూస్తుంటే, చున్నీ నడుంకి బిగించుకుని షంషున్నీసా అవతలి వైపు నుంచి వచ్చింది.

"ఎక్కడికెళ్ళిపోయావు ఖాలా?"

"వంతెన ఎక్కి దిగాను. బాగుందని మళ్ళీ ఎక్కాను."

"నడుం?"

"దాని సంగతే మర్చిపోయాను." సైకిల్‌కి స్టాండు వేసి తాతాజీ వైపు తిరిగింది. "బురద కనపడని రంగుది ఇవ్వండి. క్యారియరు ఇప్పుడే బిగించండి, కొట్టుకెళ్ళాలి." మళ్ళీ నజ్నీన్ వైపు చూసింది. "మీ వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఆటపాకకి నేనూ వస్తున్నానని చెప్పు. దారిలో టీలకీ ఫోటోలకీ ఆగేవాళ్ళ కోసం నేను ఆగనని కూడా చెప్పు."