తోమిన ముక్కల గరుకు

మా గైడు గారికి వంపు అంటే పడదు. ఆయన ఎప్పుడో చదునైన పలకల మీద ఒక ఫార్ములా కట్టాడు. కట్టర్ వేగం, ముక్క జరిగే వేగం, కోత లోతు అందులో వేస్తే, మిల్లింగ్ మిషను మీద కోశాక లోహం ఎంత గరుకుగా తేలుతుందో ముందే చెబుతుంది. పలక మీద చెబుతుంది, కాదనను. కానీ నా ఎం.టెక్. పని వంపు ముక్కల మీద. గుండ్రటి మొన ఉన్న కట్టర్ వంపు మీద ఒక్కో చోట ఒక్కో రకంగా కోస్తుంది. వంపులోని గుంట అడుగుకు వచ్చేసరికి దాని మొన తిరిగీ తిరగనట్టుంటుంది, కోయదు, రుద్దుతుంది. అక్కడ గరుకు ఎక్కువ. ఇంత చిన్న విషయం అంత పెద్ద తలకాయకు ఎక్కించలేక నా ప్రాణం విసిగిపోయింది.

"నీకు చేతగాక నా ఫార్ములాను అంటాండావు" అనేవాడు.

అనంతపురంలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీ వాళ్లు, ఆ ఏడాది డిగ్రీ చేతికొస్తేనే ఉద్యోగం ఉంటుంది అన్నారు. డిగ్రీ రావాలంటే ఈ మహానుభావుడి సంతకం కావాలి. అందుకే నోరు మూసుకుని తిరిగాను.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా డిపార్ట్‌మెంటులో భక్తి పొంగి పొర్లుతుంది. ఏడాదంతా నూనె చుక్క చూడని లేత్ మిషన్లకు నిమ్మకాయలు, పూలదండలు! సెలవులు కాగానే నా పని చూడటానికి బయటి నుంచి ఎక్స్‌పర్టు వస్తున్నాడని గైడు గారు అటెండరును పిలిచాడు. "అన్నీ తళతళా మెరిసిపోవాలప్పా. ఆ యమ్మ కోసిన ముక్కలు గూడా తోము."

అటెండరు తోమాడు. పూజసామాను తోమినట్టే చింతపండు, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో తోమి, కుంకుమ చల్లి దేవుడి పటం ముందు పేర్చాడు. నేను వెళ్లేసరికి నా అల్యూమినియం ముక్కలు కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. కోత గీతలన్నీ అరిగిపోయాయి. ఏడుపొచ్చింది నాకు.

"సార్, వీటి మీద ఇంక గరుకు కొలిస్తే అర్థం లేదు. నేను ముందే కొలిచిన అంకెలు చూపిద్దాం" అన్నాను.

"దేవుని ముందర పెట్టినవాటికి వంకలు పెడతాండావా? ఆ ఎక్స్‌పర్టు ముందరే మళ్లా కొలుస్తాం."

ఎక్స్‌పర్టు వచ్చాడు. కొలిచాం. ఫార్ములా చెప్పిన అంకె, గరుకు కొలిచే మిషను సూది చూపిన అంకె అచ్చంగా ఒకటే! "చూసినావా! యాడ తప్పింది నా ఫార్ములా?" అని గైడు గారు ఛాతీ విరుచుకున్నాడు. ఛీ! పైన పటారం, లోన లొటారం అనే మాట ఈయన్ను చూసే పుట్టి ఉండాలి. ఎక్స్‌పర్టు బాదుషా నములుతూ తలాడించాడు.

నేను ఒక ముక్క తీసి వాళ్ల ముందు పెట్టాను. గుంట అడుగుకు అటెండరు చెయ్యి దూరలేదు. అక్కడ కోత గీతల్లో కుంకుమ ఇరుక్కుని గీతగీతా ఎర్రగా కనిపిస్తోంది. సూది అక్కడ పెట్టాను. అంకె ఎక్కడికో ఎగిరింది.

"అది కుంకుమ సార్, కుంకుమ" అన్నాడు గైడు గారు. ఆడలేక మద్దెల ఓడు! కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టాను. అంకె దిగలేదు.

ఎక్స్‌పర్టు గడియారం చూసుకున్నాడు. "ఆ ఒక్క చోటు వదిలేయండి. నాకు బస్సుకు టైమయింది."

ఆ ఒక్క చోటు కోసమే నేను ఇన్నాళ్లూ మిషను దగ్గర నిలబడింది. ఆ మాట వినడానికి అక్కడెవరున్నారు? బస్సు సంగతి మరిచి ఇద్దరూ భోజనానికి పోయారు.

కొన్నాళ్లకు గైడు గారు నవ్వుతూ కాగితాల కట్ట ఒకటి చేతికిచ్చాడు. తోమిన ముక్కల అంకెలతో పేపరు రాసేశాడు. పైన తన పేరు, కింద నాది. "నీ పేరు గూడా వేసినా. థీసిస్‌లో ఇవే పెట్టు, రేపే సంతకం చేస్తా."

"నా పేరు తీసేయండి సార్."

"పేరు వేయమని కాళ్లు పట్టుకుంటారమ్మా జనం! తీసేయమనే తిక్కదాన్ని నిన్నే చూసినా."

"చూశారు కదా" అని, నేను కొలిచిన అంకెలతోనే, గుంట అడుగుతో సహా, థీసిస్ రాసి ఆయన బల్ల మీద పెట్టాను. సంతకం పడలేదు. ఉద్యోగం పోయింది. ఇక గైడును మార్చుకుని పని మొదటి నుంచి మొదలుపెట్టాలి.

కళ్యాణదుర్గం బస్సెక్కి ఇంటికి పోయాను. నాయన చేన్లో ఉన్నాడు. వాన లేక ఊడలు దిగక, కాయ పట్టని శనక్కాయ చెట్లను పీకి గొర్రెలకు వేస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

"ఏడాది పోయింది నాయనా."

ఆయన చేతుల మట్టి దులుపుకుని నా వంక చూశాడు.

"ఏడాదే గదమ్మా పోయింది. మనకేమన్నా కొత్తా?"