మూడు లెక్కపెట్టేలోగా

మా అక్కని శిక్షణ కేంద్రంలో అందరూ ‘గట్టిగా మేడమ్’ అంటారు. ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు, నలుగురిలో రెండు ముక్కలు మాట్లాడాలంటే కాళ్లు వణికేవాళ్లు సాయంత్రాలు ఆమె దగ్గరికి వచ్చేవారు. ఎవరు నోరు తెరిచినా ఆమె మొదటి మాట ఒకటే: “గట్టిగా.” ఇరవై రెండేళ్లు అదే పాట. అక్కడే గుమాస్తాగా పనిచేసే నాకు, గోడ అవతల నుంచి వినీ వినీ విసుగొచ్చేసింది.

ఆమె నేర్పేవి బ్రహ్మవిద్యలేం కావు. ఊపిరి కడుపులోంచి తీయాలి. చూపు వెనక వరుస దాకా పోవాలి. చేతులు జేబుల్లో దాచకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అసలు మాటకి ముందు ఆగాలి. మనసులో మూడు లెక్కపెట్టి అప్పుడు చెప్పాలి. “ఆగితేనే జనం తలెత్తి చూస్తారు” అనేది.

ఈ ఏడాది పైవాళ్లకి ఆ క్లాసూ, అలాంటివి ఇంకొన్నీ దండగనిపించాయి. వీడియో పాఠాలు చాలన్నారు. మూసేముందు ఒక్కొక్క టీచరుకీ ఐదు నిమిషాలు ఇస్తాం, కమిటీ ముందు చెప్పుకోండి అన్నారు. ఇంకేముంది, వారం రోజులు అక్క నా ప్రాణం తోడేసింది. నేను కూరగాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం అప్పజెప్పేది. ముందు హాజరు వివరాలు. తర్వాత ఆగడం. ఆ తర్వాత అసలు సంగతి: నత్తి ఉందని పదేళ్లు కొట్టు వెనక గోదాములోనే ఉండిపోయిన ఒకాయన, ఈ క్లాసుకి వచ్చాక తండ్రి సంతాపసభలో తనే లేచి మాట్లాడాడు. ఆయనకి కావలసింది ఎదురుగా కూర్చుని ఓపిగ్గా వినే మనిషి. వీడియో వినదు కదా.

ఆ రోజు అక్క వంతు పదకొండోది. అప్పటికే కమిటీవాళ్లు ఆవలిస్తున్నారు. పేర్లు పిలిచే పని నాది, జాబితా పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. అక్క హాజరు వివరాలు చక్కగా చెప్పింది. తర్వాత ఆగింది.

“సరేనమ్మా, విన్నాం. కూర్చోండి” అన్నాడు అధ్యక్షుడు, కాగితం తిప్పేస్తూ. “తర్వాత ఎవరు?”

అక్క నోరు తెరిచే ఉంది. అసలు సంగతి ఇంకా రాలేదని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. “ఆవిడది ఇంకా అవలేదండీ” అంటే నా సొమ్మేం పోయేది? తల దించుకుని జాబితాలోకి చూశాను. అక్క కూర్చుంది. నేను తర్వాతి పేరు పిలిచాను.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఆ గదిలో కుర్చీలన్నీ తీసి స్టోరులో పడేశారు. ఆ సాయంత్రం అక్క ఇంట్లో ఊరికే కూర్చుని ఉంటే చూడలేకపోయాను.

“ఇంకా ఉందండీ అని ఒక్క మాట అనొచ్చు కదక్కా” అన్నాను, సిగ్గులేకుండా.

“క్లాసులో ఎవర్నీ మధ్యలో ఆపనిచ్చేదాన్ని కాదు కదే. అలా ఆపేస్తే ఏమనాలో నాకే తోచలేదు” అంది. మళ్లీ తనే, “నీవైపు చూశాను. నువ్వు జాబితా చూసుకుంటున్నావు” అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.