చెయ్యి దిగేదాకా

మేడమ్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను టిఫిన్ బాక్సు సర్దుకుంటున్నాను. "అలాగా" అన్నాను. మూత పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాను. మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

కాలేజీలో మాకు ఉపన్యాసం చెప్పడం నేర్పింది ఆవిడే. నేర్పింది క్లాసులో మాత్రం కాదు. భవానీపురంలో కృష్ణ ఒడ్డునున్న ఇళ్ళ మధ్యకు తీసుకెళ్ళేవారు. వరదొస్తే ఏం చేయాలో అక్కడివాళ్ళకు మేం చెప్పాలి, అదే పరీక్ష. మైకు ఇచ్చేవారు కాదు. వినపడకపోయినా, అర్థం కాకపోయినా చెయ్యెత్తమని వాళ్ళకు ముందే చెప్పి, వెనక ఎవరి అరుగు మీదో కూర్చుని బత్తాయి ఒలుచుకునేవారు. లేచిన చేతులు దిగేదాకా మాకు మార్కులు లేవు.

నా వంతు వచ్చినరోజు "విపత్తు నిర్వహణ" అంటూ మొదలుపెట్టాను. ఇడ్లీ బండి పెట్టుకునే ఒకావిడ చెయ్యెత్తింది. ఆ రోజు మేడమ్ కూర్చున్నది వాళ్ళ అరుగు మీదే.

"అయన్నీ సరేనమ్మా. నీళ్ళొస్తే మా అత్తనెటు తీసుకెళ్ళాలి? ఆవిడ నడవలేదు."

నేను మేడమ్ వైపు చూశాను.

"నన్ను చూస్తావేంటమ్మా, అడిగింది ఆవిడైతే?" అన్నారు.

కనుక్కుని చెప్తానన్నాను. వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి, నడవలేనివాళ్ళ కోసం ఆటో ఏ మలుపు దగ్గరకు వస్తుందో తెలుసుకుని, మళ్ళీ వెళ్ళి చెప్పాను. నన్ను చూడగానే మళ్ళీ ఎత్తిన చెయ్యి ఆవిడ అప్పుడు దింపింది. తిరిగొస్తుంటే మేడమ్ "ఇవాళ మాట్లాడావు" అన్నారు. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర ఎవరికీ దొరకలేదు. నాకు అదే ఇన్నేళ్ళూ సరిపోయింది.

అంత్యక్రియల రోజు చర్చిలో నాలుగు మాటలు చెప్పమని మేడమ్ తమ్ముడుగారు నన్ను అడిగారు. మైకు ముందు నిలబడ్డాను. "గొప్ప విద్యావేత్త, ఆదర్శమూర్తి" అంటూ ఏవేవో వచ్చేస్తున్నాయి. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టుంది నాకే. అప్పుడు చివరి బెంచీలో ఒక చెయ్యి లేచింది. ఇడ్లీ బండి ఆవిడ.

పాస్టర్‌గారు లేచి మైకు సరిచేయబోయారు. మైకు బాగానే ఉంది. దాన్ని పక్కకు జరిపాను. ఆ చెయ్యి అలాగే ఉంది.

"మీ అరుగు మీద కూర్చుని బత్తాయి ఒలిచేవారండీ," అన్నాను. "తొనలు మీ అత్తగారికి పెట్టేవారు. ఇంక రారు."

మేడమ్ లేరని నాకు అప్పుడే తెలిసింది. వెనక బెంచీలో ఆ చెయ్యి మెల్లగా దిగింది. దిగి, కొంగు అందుకుంది.