అద్దాన్ని కొట్టిన పిగిలిపిట్ట

ఈ పొద్దు కిటికీ తుడుస్తుంటే, అద్దం మీద ఏదో పిట్ట గుద్దుకున్న గుర్తు కనిపించింది.

నా చిన్నప్పుడు స్కూలు లీవుల్లో, అమ్మా నాన్నా పొద్దున్నే సేత్తూరు బస్సెక్కి అంగడి పనికి పోతే, ఇంట్లో నేనూ అవ్వా మాత్రమే. రోజూ ఒక పిగిలిపిట్ట వచ్చి కిటికీ అద్దాన్ని ముక్కుతో కొట్టేది. నన్ను ఆటకు పిలుస్తా ఉందనుకొని, లోపలినుంచి నేనూ వేలితో తట్టేదాన్ని.

ఒకరోజు అద్దానికి నెత్తురు అంటింది. అవ్వ తన పాత చీర తెచ్చి కిటికీకి బయట అడ్డంగా కట్టేసింది.

"ఎందుకవ్వా? అది నాకోసం వస్తా ఉంది!" అని ఏడ్చినాను.

"లేదు కన్నూ. అద్దంలో తన్నే చూసి, ఇంకో పిట్ట అనుకొని పోట్లాడుతా ఉంది. ఇట్లే కొట్టుకుంటే చచ్చిపోతుంది."

మర్నాడు పిట్ట రాలేదు. ఎదురింటి మునగచెట్టు మీద దాని పాట వినిపించింది. అవ్వ దాని ప్రాణం కాపాడిందని ఇప్పుడు తెలుసు. ఆ పొద్దు మాత్రం, లీవంతా నాకోసం ఎవరూ రాలేదని తెలిసి, చీర కప్పిన కిటికీ కింద చాలాసేపు కూర్చున్నాను.